ఓర్చుకోవడం, ఊరుకోవడం

మన భాషలో ‘ఓపిక’ అనే మాట చిత్రమైంది. “ఇవాళ లేచి నిలబడే ఓపిక లేదమ్మా” అన్నామంటే ఒంట్లో శక్తి లేదని అర్థం. “పిల్లలతో కాస్త ఓపిక పట్టు” అన్నామంటే తొందరపడకని అర్థం. రెండింటికీ ఒక్కటే మాట. వెనకటివాళ్ళు ఊరికే అలా వాడారనుకోను. ఓపిక పట్టాలంటే ముందు ఓపిక ఉండాలి. చేతులు ముడుచుకు కూచోవడానికి అంత శక్తి దేనికి? బరువు ఎత్తుకున్నవాళ్ళకి గదా శక్తి కావలసింది!

కాని మన ఇళ్ళలో మొదటి అర్థం మెల్లిగా మరుగున పడి రెండోదే మిగిలింది. అదీ ఎక్కువగా ఆడవాళ్ళ వాటాకే వచ్చింది. అత్తగారు సాధిస్తుంటే ఓపిక పట్టు. మొగుడు తాగొస్తే ఓపిక పట్టు. చదివిన బి.ఏ. పట్టా ట్రంకుపెట్టె అడుగున నాఫ్తలిన్ ఉండల వాసన కొడుతుంటే, ఓపిక పట్టు. భూదేవంత ఓర్పు ఉండాలని మనకి చెప్పినవాళ్ళు, ఆ భూదేవికి కూడా అప్పుడప్పుడూ కంపం వస్తుందన్న సంగతి మాత్రం చెప్పరు.

దీనికి తోడు తలరాత ఒకటి. రాసిపెట్టి ఉంటే అదే వస్తుంది, లేకపోతే నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా రాదు అంటారు. ఈ మాటలో కొంత ఊరట ఉంది, నేను కాదనను. కడుపుకోతలో ఉన్న తల్లికి “నీ తప్పేం లేదమ్మా, రాత అలా ఉంది” అనడం దయగల మాటే. కాని ఆ మాటే ముప్ఫై ఏళ్ళ పిల్లతో “ఇక నీ జీవితం ఇంతే” అనడానికి వాడితే, అది దయ ఎలా అవుతుంది?

క్రైస్తవులు ఈ సంగతిని కొంచెం వేరే విధంగా చెప్పుకుంటారు. ప్రతి మనిషి విషయంలోనూ దేవుడికి ఒక ఉద్దేశం ఉందని వాళ్ళ నమ్మకం. దాన్ని వాళ్ళు ‘పిలుపు’ అంటారు. రాతకీ పిలుపుకీ ఉన్న తేడా గమనించారా? రాతకి తల వంచితే సరిపోతుంది. పిలిస్తే మాత్రం లేచి పలకాలి. పలికాక వెళ్ళాలి. వెళ్ళిన చోట తలుపు మూసి ఉంటే ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. ఓర్పు అవసరం అక్కడే వస్తుంది.

కొత్త నిబంధన మొదట గ్రీకు భాషలో రాశారు. అందులో ఓర్పుకి వాడిన ఒక మాట ‘హుపొమొనే’. విడదీస్తే ‘కింద నిలిచి ఉండడం’ అని వస్తుంది. బరువు కింద నుంచి తప్పుకోకుండా నిలబడడం అన్నమాట. చూశారా, మన ‘ఓపిక’కి అది ఎంత దగ్గరగా ఉందో!

బైబిలులో యోసేపు కథ చాలామందికి తెలిసిందే. పదిహేడేళ్ళ కుర్రవాడు. సొంత అన్నలే అమ్మేశారు. ఐగుప్తులో బానిసయ్యాడు. చెయ్యని నేరానికి చెరసాల పాలయ్యాడు. ఫరో ఎదుట నిలబడి దేశానికి అధికారి అయ్యేసరికి అతనికి ముప్ఫై ఏళ్ళు. మధ్యలో పదమూడేళ్ళు. ఈ పదమూడేళ్ళూ అతను ఏం చేశాడన్నది చాలామంది పట్టించుకోరు. బానిసగా ఉన్న ఇంట్లో ఇల్లు చక్కబెట్టాడు. చెరసాలలో చెరసాల పనులు చక్కబెట్టాడు. తోటి ఖైదీ మొహం వాడిపోయి ఉంటే ఎందుకలా ఉన్నావని అడిగాడు. అంతే కాదు, రాజుగారి కొలువుకి తిరిగి వెళుతున్న పానదాయకుణ్ణి పట్టుకుని, నా సంగతి కూడా ఆయన చెవిన వెయ్యి, నేనే తప్పూ చెయ్యలేదు అని అడుక్కున్నాడు. వాడు మర్చిపోయాడు. రెండేళ్ళు మర్చిపోయాడు! అది వేరే సంగతి. దేవుడు చూసుకుంటాడులే అని యోసేపు మాత్రం నోరు మూసుకుని కూచోలేదు. దొరికిన పని చేశాడు, చెప్పుకోవలసిన చోట చెప్పుకున్నాడు. తర్వాత దేశమంతటికీ ధాన్యం లెక్క చూడవలసివచ్చినప్పుడు అతనికి పనికొచ్చింది ఆ ఇంటిలెక్కా, ఆ చెరసాల లెక్కా నేర్పిన నేర్పే అయి ఉంటుందని నాకనిపిస్తుంది.

అది పాతకాలపు కథ, అంత దూరం ఎందుకంటారా? గుంటూరు దాకా వద్దాం.

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని వాళ్ళు తక్కువ. ఆ పేరు ఒక ఆడమనిషిదని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువేమో. అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో డాక్టరీ పూర్తి చేసింది. ఆ రోజుల్లో ఆడది డాక్టరీ చదవడమే ఒక వింత. మన దేశంలో మగ డాక్టరు ఎదుటికి రాలేక ఎందరో ఆడవాళ్ళు పురిటి మంచంలోనే ప్రాణాలు వదిలే కాలమది. నేను అక్కడికి వెళతాను, వైద్యం చేస్తాను అంది. ఆమె లూథరన్ సంఘం పెద్దలు, వైద్యం పనికి మేమింకా సిద్ధంగా లేము, వెళ్ళాలనుంటే టీచరుగా వెళ్ళు అన్నారు.

మీరూ నేనూ అయితే ఏం చేసేవాళ్ళం? నేను చదివిన చదువేమిటి, మీరిచ్చే పనేమిటి అని విసురుగా లేచిపోయేవాళ్ళం. లేదా, సరే, నా రాత ఇంతే అని డాక్టరీ పుస్తకాలు అటకెక్కించేవాళ్ళం. ఆమె ఈ రెండూ చెయ్యలేదు. 1883లో టీచరుగానే గుంటూరు వచ్చింది. ఇచ్చిన పని చేసింది. గడప దాటని ఆడవాళ్ళకి వాళ్ళ ఇళ్ళలోనే చదువు చెప్పడం, బడుల పని చూడడం. దాంతోపాటు వైద్యం కోసం వచ్చినవాళ్ళకి వైద్యమూ చేసింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1885 చివర, పెద్దలే ఆమెను డాక్టరుగా గుర్తించారు. ఆసుపత్రి మాటో? దానికి ఇంకా ఆగవలసివచ్చింది. సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు విరాళాలు పోగుచేసింది. 1893కి మందులిచ్చే డిస్పెన్సరీ వచ్చింది. ఆ దశాబ్దం చివరికి గాని ఆసుపత్రి లేవలేదు. అంటే వచ్చిన పదిహేనేళ్ళకి దగ్గర దగ్గర! 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసింది.

ఈ కథలో నన్ను ఆపేసేది ఆ చివరి ఆసుపత్రి కంటే ఆ మొదటి రెండేళ్ళే. తలుపు మూసి ఉంది. ఆమె తలుపు బద్దలు కొట్టనూ లేదు, వెనక్కి తిరిగి వెళ్ళనూ లేదు. పక్కనున్న చిన్న కిటికీలోంచి చెయ్యగలిగినంత పని చేసింది. చదివిన చదువుని ఒక్కరోజు కూడా తుప్పు పట్టనివ్వలేదు. పంతానికీ పట్టుదలకీ తేడా ఇక్కడే తెలుస్తుంది నాకు. పంతం పట్టినవాళ్ళకి తమ మాట నెగ్గడం ముఖ్యం. పట్టుదల ఉన్నవాళ్ళకి పని నెగ్గడం ముఖ్యం. టీచరని పిలిస్తే ఆమె చిన్నబుచ్చుకోలేదు. కాని డాక్టరునన్న సంగతి మర్చిపోనూ లేదు.

ఇంతవరకు చదివి, “అమ్మాయ్, అంతా బాగానే ఉంది, అన్యాయం మాటేమిటి? కొట్టే మొగుడి దగ్గర ఓర్చుకోవడం కూడా దేవుడిచ్చిన పనేనా?” అని అడిగే పెద్దమ్మలు ఉంటారు. అడగాలి కూడా. ఓర్పు గురించి మాట్లాడేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరే జారుకుంటారు.

దీనికి జవాబు యేసు చెప్పిన ఒక కథలోనే ఉందని నాకు తోస్తుంది. లూకా సువార్తలో వస్తుంది. ఒక ఊళ్ళో ఒక న్యాయాధికారి. దేవుడికి భయపడడు, మనుషుల్ని లక్ష్యపెట్టడు. ఆ ఊళ్ళోనే ఒక విధవరాలు. ఆమెకి అన్యాయం జరిగింది. ఆమె వెళ్ళి అడిగింది. వినిపించుకోలేదు. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆఖరికి ఆ పెద్దమనిషి, ఈవిడ పోరు పడలేను, న్యాయం చేసి పంపిస్తే నా ప్రాణం హాయిగా ఉంటుంది అనుకుని తీర్పు ఇచ్చాడు. విసుగు చెందకుండా ప్రార్థన చెయ్యమని చెప్పడానికి యేసు తీసుకున్న ఉదాహరణ ఇదీ!

కావాలంటే ఆయన, వంచిన తల ఎత్తకుండా మూల కూచుని కన్నీళ్ళు కార్చే ఇల్లాలిని చూపించవచ్చు. చూపించలేదు. డబ్బూ పలుకుబడీ మగదిక్కూ ఏదీ లేని ఆడదాన్ని, న్యాయస్థానం గుమ్మం వదలని ఆడదాన్ని చూపించాడు. ఆమెకి ఓర్పు లేదంటారా? ప్రతిరోజూ కాదనిపించుకుని, మర్నాడు మళ్ళీ చెప్పులేసుకుని బయలుదేరడం కంటే ఓర్పేముంది? అన్యాయాన్ని భరించడంలో కాదు, న్యాయం కోసం తిరగడంలో ఆమె ఓర్పు ఖర్చుపెట్టింది. ఓర్పు మంచి సొత్తే. దాన్ని ఎక్కడ ఖర్చుపెడుతున్నామో చూసుకోమంటాను, అంతే. ఒంటిమీద వాతలు దాచుకోవడానికి ఖర్చుపెట్టమని ఏ దేవుడూ చెప్పాడనుకోను.

ఓర్పుకి ఇంకో మొహం కూడా ఉంది. వస్తున్న ఫలాన్ని సైతం తొందరపడి కోసుకోకపోవడం. దానికి మన ఒంగోలు వెళ్ళాలి.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో మిషన్ పెట్టారు. ఏళ్ళ తరబడి పని చేసినా కలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టే అంతమంది. ఈ మిషన్ ఎత్తేద్దామా అని 1853లో అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. ఎత్తెయ్యలేదు. ఆ మర్నాటి ఏడు, 1854 జనవరి ఒకటో తారీకు తెల్లవారుజామున, లైమన్ జ్యూవెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు కలిసి ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. అయిదుగురే అయిదుగురు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని వాళ్ళ కోరిక. ఆ మనిషి, జాన్ క్లౌ, వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు!

పదేళ్ళు తిరిగేసరికి ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశాన్ని పీల్చి పిప్పి చేసిన కరువు. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వుతున్నారు. క్లౌ అందులో కొంత భాగం తవ్వించే కంట్రాక్టు తీసుకుని వేలమంది పేదలకి కూలీ పని కల్పించాడు. అతను కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే పని నేర్చిన మనిషి. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ రోజుల్లో, ఈ విద్య ఎక్కడో తెలుగుదేశంలో ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నమవుతుందని అతనికి కలైనా వచ్చి ఉంటుందా?

నేను చెప్పాలనుకున్నది తరవాత జరిగింది. ఎక్కువగా మాలమాదిగ పల్లెల నుంచి ఎందరో వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఫలం వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎవరైనా ఏం చేస్తారు? అతను మాత్రం ఇవ్వనన్నాడు. కూలికోసం, తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం జరిగినంత కాలం, ఏడాదికి పైగా, ఆపేశాడు. సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అన్నాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారడం మంచా చెడా అన్న వాదనలోకి నేను వెళ్ళడం లేదు. దానిమీద ఎవరి అభిప్రాయం వారిది. చేతికందిన పండుని, పూర్తిగా పండేదాకా చెట్టునే ఉంచడానికి ఎంత నిబ్బరం కావాలో అది చెబుతున్నాను. పిల్ల మెట్రిక్ ఫలితాలు రాకముందే పెళ్ళిచూపులు పెట్టేసే మనకి ఆ నిబ్బరం కొంచెం అరువు దొరికితే బాగుండును.

మరి ఫలం అసలు కంటికే కనపడకపోతే? ఇది అన్నిటికంటే కఠినమైన ప్రశ్న. ఓర్చుకుంటే తప్పకుండా దక్కుతుందని చెప్పేవాళ్ళు ధైర్యం చెప్పడానికే చెబుతారు గాని, లోకంలో అలా జరగదు. ఆ నెల్లూరు మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే జబ్బు చేసి స్వదేశం వెళ్ళిపోయాడు. 1871లో చనిపోయాడు. గుండ్లకమ్మ రోజుని అతను చూడలేదు. ఆమాటకొస్తే మోషే మాత్రం? నలభై ఏళ్ళు జనాన్ని అరణ్యంలో నడిపించి, వాగ్దానం చేసిన దేశాన్ని కొండమీంచి చూశాడే గాని అందులో కాలు పెట్టలేదు.

పండిత రమాబాయి సంగతి తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. 1858లో పుట్టింది. 1870లలో వచ్చిన కరువులో తల్లీ తండ్రీ అక్కా పోయారు. పెళ్ళయిన రెండేళ్ళకే, పసిపిల్ల చేతిలో ఉండగా భర్త పోయాడు. 1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదనం పెట్టింది. తరవాత పూనా దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదనం. ఇవన్నీ చేస్తూ, బైబిలు మరాఠీ అనువాదం చదువురాని పల్లెటూరి ఆడదానికి అర్థమయ్యేట్టు లేదని, తానే మళ్ళీ తర్జుమా చెయ్యడానికి పూనుకుంది. దానికోసం, మనం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో, హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. ముక్తి సదనంలో ఆశ్రయం పొందిన ఆడవాళ్ళే అక్షరాలు కూర్చి అచ్చు వేశారు. ఏళ్ళు పట్టింది. పని పూర్తి కావస్తుండగా 1921లో ఉన్న ఒక్క కూతురు మనోరమ చనిపోయింది. తరవాత తన పనులన్నీ చూసుకుంటుందని నమ్ముకున్న కూతురు. రమాబాయి కళ్ళు తుడుచుకుని మళ్ళీ ప్రూఫులు దిద్దుకోవడానికి కూచుంది. ఆ పని ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూసింది. పుస్తకం మొత్తం అచ్చయి బయటికి వచ్చేసరికి ఆమె లేదు.

ఇది ఓటమా, గెలుపా? నాకు చాలాకాలం తెలిసేది కాదు. ఇప్పుడు ఇలా అనుకుంటాను. దేవుడిచ్చిన పని మన సొంత ఆస్తి అనుకుంటే ఓటమే. మన చేతిలోకి వచ్చిన కొంచెం నేలని దున్ని, విత్తి, పక్కవాళ్ళ చేతికి అందించడమే పని అనుకుంటే ఓటమన్న మాటే లేదు. కోసుకునేవాళ్ళు ఎవరో ఉంటారు. మనం తింటున్న మామిడిపళ్ళు మాత్రం మనం నాటిన చెట్టువా?

వంటింట్లో రోజూ మనం చేసే పనిలోనే ఇదంతా ఉందనిపిస్తుంది. రాత్రి పాలు కాచి, గోరువెచ్చన అయ్యాక తోడు వేస్తాం. ఆ తరవాత గిన్నె కదపకుండా వదిలెయ్యాలి. అస్తమానం మూత తీసి చూస్తే పెరుగు గడ్డకట్టదు. తోడుకోవడం మన చేతిలో లేదు. కాని కాచడం మన చేతిలో ఉంది, వేడి చూడడం మన చేతిలో ఉంది, మర్చిపోకుండా తోడు వెయ్యడం మన చేతిలో ఉంది. పాలే కాచకుండా, పెరుగు నా నుదుట రాసిలేదని కూచుంటే ఎవరేం చేస్తారు?

ఇది చదువుతున్న వారిలో, పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు పోయాక, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే కూచుని, నేను ఇందుకేనా పుట్టాను అనుకునేవారు కొందరైనా ఉంటారని నాకు తెలుసు. మీది ఏ మతమైనా కానివ్వండి, ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా పెట్టుకోండి. ఆ ప్రశ్నని చెడ్డదని తోసిపారెయ్యకండి. పిలుపు చాలాసార్లు అలాంటి ప్రశ్నలాగే వినిపిస్తుంది. పెద్దగా ఏదో చెయ్యాలని కంగారు పడనక్కరలేదు. ట్రంకుపెట్టె అడుగునున్న ఆ పట్టా బయటికి తీసి ఒకసారి దులపండి. పనిమనిషి కూతురికి లెక్కలు రావడం లేదేమో కనుక్కోండి. రావలసిన న్యాయం ఏదైనా ఉంటే మళ్ళీ ఒకసారి వెళ్ళి అడగండి. ఇవాళ కాదన్నారా, రేపు ఉంది.

ఆ రేపటికి కావలసిన ఓపిక ఇవాళే ఉండాలని లేదు. ఏ రోజు బత్తెం ఆ రోజుకి అన్నట్టు, అది రేపు వస్తుంది.